ఒకే అంకెకు రెండు ఉద్యోగాలు: సామ్రాజ్యాల ఆటల్లో ప్రజల సంతోషం

(వ్యూహాత్మక ఆటల రూపకల్పన నేర్చుకుంటున్నవారి ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డు విని ఎత్తి రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. గోడ వారన నిలబడ్డవాళ్ళు ముందుకు రావచ్చు, ఇక్కడ రెండు వరుసలు ఖాళీగా ఉన్నాయి. ముందు వరుసలో కూర్చున్నంత మాత్రాన ప్రశ్నలు అడగను లెండి.

అడగనన్నాను గానీ ఒకటి అడుగుతాను. సామ్రాజ్యం కట్టే ఆటలో ప్రజలు సంతోషంగా ఉన్నారా లేదా అని అసలు ఎందుకు లెక్కపెట్టాలి? చదరంగంలో బంట్లు సంతోషంగా ఉన్నాయా అని ఎవరూ అడగరు కదా. మరి ఇక్కడ ఎందుకు అడుగుతున్నాం? చెప్పండి. "వాస్తవికత కోసం" అంటున్నారు, బాగుంది. ఇంకా? "కథ కోసం." అదీ బాగుంది. రెండూ అబద్ధాలు కావు. కానీ అసలు కారణం వీటికంటే మొరటుది. ఆటగాడిని ఆపడానికి. అంతే.

ఎలాగో చూడండి. ఒక నగరంతో మొదలుపెట్టారు. అది కొంత తిండి, కొంత ఉత్పత్తి, కొంత విజ్ఞానం ఇస్తుంది. ఆ ఉత్పత్తితో సెటిలర్లను తయారుచేసి రెండో నగరం పెట్టారు. ఇప్పుడు రెండూ కలిసి మూడోదాన్నీ నాలుగోదాన్నీ ఇంకా త్వరగా పెడతాయి. నాలుగు కలిసి ఎనిమిది. దీన్నే మనవాళ్ళు స్నోబాల్ అంటారు. అడ్డేమీ లేకపోతే మొదట్లో ఎవరు ఎక్కువ భూమి పట్టుకుంటే గెలుపు వారిదే, మిగిలిన వందల టర్నులు, అంటే ఆటలో మనకొచ్చే వంతులు, లాంఛనం. కాబట్టి పెరిగేవాడికి కళ్ళెం కావాలి. సామ్రాజ్యం పెరిగేకొద్దీ తానూ పెరిగే భారం ఏదో ఒకటి ఉండాలి. ఆ భారానికి రూపకర్తలు వేసిన మారువేషాల్లో ఒకటి ప్రజల సంతోషం.

మారువేషం అన్నందుకు కొందరి ముఖాలు చిన్నబోయాయి. కానీ ఈ రోజు నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. సంతోషం అనే అంకెకు మనం రెండు ఉద్యోగాలు అప్పగిస్తున్నాం. ఒకటి, విస్తరణను అదుపులో పెట్టడం. రెండోది, ప్రజల గొంతు వినిపించడం. రెండు ఉద్యోగాలూ ఒకే అంకె చేత చేయిస్తే మొదటిది రెండోదాన్ని మింగేస్తుంది. ఇది నా అభిప్రాయం. ఒప్పుకోనివారు ఉంటారు, చివర్లో మాట్లాడుకుందాం.

1991కి వెళదాం. సిడ్ మైయర్ సివిలైజేషన్ వచ్చిన సంవత్సరం. మైక్రోప్రోస్ సంస్థ విడుదల చేసింది. అందులో ప్రతి నగరంలోని పౌరులు మూడు రకాలు: సంతోషంగా ఉన్నవారు, తృప్తిగా ఉన్నవారు, అసంతృప్తితో ఉన్నవారు. అసంతృప్తుల సంఖ్య సంతోషపరుల సంఖ్యను దాటిందా, నగరంలో అల్లర్లు. ఉత్పత్తి ఆగిపోతుంది, పన్ను రాదు. ప్రజాస్వామ్యం నడుస్తూ ఉండగా అల్లర్లు సాగనిచ్చారా, ఏకంగా ప్రభుత్వమే కూలి అరాచకం వస్తుంది.

మరి అసంతృప్తులు ఎక్కడి నుంచి వస్తారు? ఇక్కడ ఉంది కిటుకు. అతి సులువైన చీఫ్‌టన్ స్థాయిలో నగరంలో మొదటి ఆరుగురు పౌరులు తృప్తిగానే పుడతారు. ఏడోవాడి నుంచి కోపంతో పుడతారు. అతి కఠినమైన ఎంపరర్ స్థాయిలో తృప్తిగా పుట్టేది ఇద్దరే. గమనించండి, ఆ మూడోవాడికి ఎవరూ అన్యాయం చేయలేదు. పన్ను పెంచలేదు, యుద్ధానికి పంపలేదు. కేవలం మూడోవాడిగా పుట్టాడు. అందుకే కోపం! ఇది ప్రజల గొంతా, కళ్ళెమా? నిక్కచ్చిగా కళ్ళెమే.

అయినా ఆ ఆటలో అది పనిచేసింది. ఎందుకు పనిచేసిందో చూడటం ముఖ్యం. ఎందుకంటే విరుగుడు ఆటగాడి చేతిలోనే ఉంది, అదీ ఆ క్షణంలోనే. పొలంలో పనిచేస్తున్న ఒకరిని తీసి వినోదం పంచే పనిలో పెట్టవచ్చు. దేశం మొత్తం మీద విలాసాల వాటా పెంచవచ్చు. ఆ మేరకు పన్నులోనూ పరిశోధనలోనూ కోత పడుతుంది. తీరిక ఉంటే గుడి కట్టుకోవచ్చు. అంటే తక్షణం పనిచేసే ఖరీదైన మందు ఒకటి, నెమ్మదిగా పనిచేసే చవకైన మందు ఒకటి. రెండూ ఉన్నాయి. రెండూ ఉండాలి.

ఎందుకు ఉండాలంటే, ఈ వ్యవస్థల్లో ఒక విషవలయం పొంచి ఉంటుంది. అసంతృప్తి వస్తే ఉత్పత్తి పడిపోతుంది. ఉత్పత్తి లేకపోతే గుడి కట్టలేం. గుడి లేకపోతే అసంతృప్తి తగ్గదు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఇప్పటికే దెబ్బతిన్నవాడినే ఆట మళ్ళీ మళ్ళీ కొడుతుంది. మీ ఆట అంకెలు రాసుకునే పట్టికలో అసంతృప్తికి ఏ శిక్ష రాసినా పక్కనే ఒక గీత గీసి అడగండి: ఈ శిక్ష, దాన్ని పోగొట్టే మందును కూడా లాగేసుకుంటోందా? లాగేసుకుంటే ఆ శిక్ష తప్పు, లేదా మందు తప్పు. సివిలైజేషన్‌లో ఉత్పత్తి ఆగినా వినోదకారులను పెట్టుకునే వీలు ఆగలేదు. అదే దాన్ని కాపాడింది.

దీనికి వ్యతిరేక దిశలో కూడా ఒక వలయం ఉంది. రెండో సివిలైజేషన్, 1996. అందులో గణతంత్రంలోనో ప్రజాస్వామ్యంలోనో ఉన్నప్పుడు నగరం సంబరాల్లో మునిగిందనుకోండి, తిండి మిగులు ఉన్నంత వరకు ప్రతి టర్నూ జనాభా ఒకటి చొప్పున పెరుగుతుంది. ప్రతి టర్నూ! చేయి తిరిగినవారు ఏం చేసేవారు? విలాసాల వాటాను పైకి నెట్టి, కొన్ని టర్నులు దేశమంతా పండగ చేయించి, నగరాలను ఉబ్బించి, మళ్ళీ వాటాను కిందికి దించేవారు. కళ్ళెంగా పెట్టినది కొరడాగా మారింది. సంతోషానికి శిక్షే కాదు, బహుమతి ఎంత ఉందో కూడా కొలుచుకోవాలి.

సరే, ఇప్పుడు అసలు వివాదానికి వద్దాం. ఐదో సివిలైజేషన్ ఆడినవారు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. నాలుగు నగరాలు పెట్టి అక్కడితో ఆగిపోయినవారు చేయి దించకండి. చూశారా? దాదాపు ఒక్క చేయి కూడా దిగలేదు.

2010లో వచ్చిన ఆ ఆటకు ప్రధాన రూపకర్త జాన్ షేఫర్. అందులో నగరాల వారీ సంతోషాన్ని తీసేసి దేశం మొత్తానికీ ఒకే అంకె పెట్టారు. తర్వాతి మార్పులన్నీ అయ్యాక స్థిరపడిన లెక్క చెబుతాను. ప్రతి నగరానికీ 3 అసంతృప్తి. ప్రతి పౌరుడికీ 1. మీ దగ్గర లేని కొత్త విలాస వనరు దొరికితే 4 సంతోషం. ఇప్పుడు కూడండి. కొత్త నగరం, అందులో ఒకే పౌరుడు: 3 ప్లస్ 1, నాలుగు. కొత్త విలాస వనరు పక్కన ఆ నగరం పెడితే వచ్చేది నాలుగు. సరిగ్గా సున్నా. రెండో పౌరుడు పుట్టగానే అప్పు మొదలు.

ఇక ఒక నగరాన్ని జయించారనుకోండి, 12 మంది పౌరులున్నది. పప్పెట్‌గా, అంటే మీరు నేరుగా పాలించకుండా, వదిలేస్తే 3 ప్లస్ 12, పదిహేను. మీ పాలనలో కలుపుకుంటే ఆక్రమిత నగరం కాబట్టి నగరానికి 5, తల ఒక్కింటికి 1.34. పన్నెండు మందికి పదహారు, మొత్తం 21. కోర్టుహౌస్ కట్టేదాకా ఆ అదనపు భారం పోదు. అంటే ఒక్క విజయంతో ఐదు విలాస వనరుల సంతోషం ఆవిరి. సున్నా కిందికి దిగితే నగరాల పెరుగుదల నాలుగో వంతుకు పడిపోతుంది. మైనస్ 10 దాటితే సెటిలర్లను తయారుచేయనివ్వదు. మైనస్ 20 దాకా పోతే తిరుగుబాటుదారులు పుట్టుకొస్తారు.

ఈ లెక్కలో తప్పేముంది? కళ్ళెంగా చూస్తే ఏమీ లేదు. చాలా గట్టి కళ్ళెం. పైగా ఒక మేలు కూడా ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. పాత ఆటల్లో ఇరవై నగరాలుంటే ప్రతి టర్నూ ఇరవై తెరలు తెరిచి ఎక్కడ అల్లరి మొదలవుతుందో వెతుక్కోవాల్సి వచ్చేది. ఒకే అంకె పెట్టడంతో ఆ చాకిరీ పోయింది. షేఫర్ పరిష్కరించాలనుకున్న సమస్య నిజమైనదే.

కానీ ఆ అంకెను ప్రజల గొంతుగా వినండి. ఈ చివర ఉన్న నగరంలో పిల్లవాడు పుడితే ఆ చివర ఉన్న నగరంలో పెరుగుదల తగ్గుతుంది. ఎవరి కష్టం ఎవరిదో తెలియదు. ఇంకా విచిత్రం ఏమిటంటే, చేయి తిరిగినవారు నగరంలోకి వెళ్ళి, పెరగవద్దు అని గుర్తు పెట్టేవారు. దానికి ఒక మీట ఉంది, చూసే ఉంటారు. మీ ప్రజల సంతోషం కోసం మీ ప్రజలను పుట్టకుండా ఆపడం! రాజ్యం ఏలే ఆటలో రాజు తీసుకునే ఉత్తమ నిర్ణయం "ఇంకెవరూ పుట్టవద్దు" అన్నదైతే ఆ అంకె ప్రజల గురించి మాట్లాడటం మానేసినట్టే.

దానికి తోడు ట్రెడిషన్ అనే విధానం ఉచిత భవనాలను మొదటి నాలుగు నగరాలకే ఇచ్చింది. 2013లో ఆ ఆటకు వచ్చిన బ్రేవ్ న్యూ వరల్డ్ అనే అనుబంధంలో ప్రతి అదనపు నగరానికీ పరిశోధన ఖర్చు, సాధారణ పరిమాణం మ్యాపులో, 5 శాతం పెరిగింది. మూడు కళ్ళేలు ఒకే గుర్రానికి. నాలుగు నగరాల దగ్గర అందరూ ఆగిపోయారంటే ఆశ్చర్యం ఏముంది? మ్యాపంతా ఖాళీగా కనిపిస్తూ ఉంటుంది, మంచి నదీ తీరం పిలుస్తూ ఉంటుంది, ఆట మాత్రం వెళ్ళవద్దంటుంది. అన్వేషణ, విస్తరణ అని పేరు పెట్టుకున్న ఆటల జాతిలో!

దీనికి ముందు ఆటలో ఏం జరిగిందో చూస్తే తేడా తెలుస్తుంది. నాలుగో సివిలైజేషన్, 2005, సోరెన్ జాన్సన్ ప్రధాన రూపకర్త. అక్కడ విస్తరణకు కళ్ళెం డబ్బు. ప్రతి కొత్త నగరానికీ నిర్వహణ ఖర్చు ఉంటుంది, నగరాల సంఖ్యతో, రాజధాని నుంచి దూరంతో అది పెరుగుతుంది. తొందరపడి ఎనిమిది నగరాలు పెడితే ఖజానా ఖాళీ అయి పరిశోధన కుంటుపడుతుంది. తర్వాత ఆ నగరాలే ఎదిగి అప్పు తీరుస్తాయి. అంటే "వద్దు" అనలేదు, "ఇప్పుడు కష్టపడతావు, సరేనా" అంది. ఆ ఉద్యోగం డబ్బుకు వెళ్ళిపోయింది కాబట్టి సంతోషానికి ఊపిరి ఆడింది. అది మళ్ళీ నగరానికి వచ్చింది, ఆ నగరం ఎంత వరకు పెరగవచ్చో చెప్పే పైకప్పు అయింది.

ఆ ఆటలో నగరం తెర మీద నాకు అన్నిటికంటే నచ్చింది కారణాల పట్టీ. అసంతృప్తిని చూపే కోపం ముఖం బొమ్మ మీద మౌస్ పెడితే, ఇక్కడ మరీ కిక్కిరిసిపోయాం అని ఒకరు, నువ్వు చేసిన క్రూరత్వం మరిచిపోలేం అని మరొకరు. అంకె పక్కన మాట ఉంది, ఆ మాట ప్రజల నోట ఉంది. మీరు ఆటలో ఏదైనా ఒక్కటి దొంగిలించాలనుకుంటే ఇది దొంగిలించండి. "మైనస్ 2, జనసాంద్రత గుణకం" అని రాయకండి, దయచేసి.

కానీ అదే ఆటలో ఒక భయంకరమైన లెక్క కూడా ఉంది. నిదానంగా చెబుతాను, ఎందుకంటే సమతుల్యం అంటే ఏమిటో ఇక్కడ బాగా అర్థమవుతుంది. బానిసత్వం అనే విధానం ఎంచుకుంటే పౌరులను బలిచ్చి నిర్మాణాన్ని ఒక్కసారిగా పూర్తి చేయవచ్చు. సాధారణ వేగంలో ఒక పౌరుడికి 30 సుత్తులు, అంటే ఉత్పత్తి. దానికి మూల్యం పది టర్నుల పాటు ఒక కోపం ముఖం. ఒకరిని బలిచ్చినా ముగ్గురిని బలిచ్చినా, ఒకే దెబ్బలో చేస్తే కోపం ఒక్కటే! అంటే ఒక్కొక్కరిని కాదు, గుంపుగా బలివ్వడం లాభం.

ఇక తిండి వైపు చూడండి. నగరం పెరగడానికి కావలసిన తిండి 20కి జనాభాకు రెట్టింపు కలిపితే వస్తుంది. నాలుగు నుంచి ఐదుకు 28, ఐదు నుంచి ఆరుకు 30. ధాన్యాగారం ఉంటే అందులో సుమారు సగం మిగిలిపోతుంది. కాబట్టి ఆరుగురున్న నగరంలో ఇద్దరిని బలిస్తే 60 సుత్తులు వస్తాయి, ఆ ఇద్దరూ తిరిగి పుట్టడానికి సుమారు 29 తిండి చాలు. ఒకటికి రెండు. ఇంత లాభసాటి కార్ఖానా ఆటలో ఆ దశలో ఇంకోటి లేదు.

ఇంకా ఉంది, వినండి. నగరంలో అసంతృప్తితో ఉన్న పౌరుడు పనిచేయడు, తిండి మాత్రం తింటాడు. అందరిలాగే రెండు. మరి బలివ్వాల్సి వస్తే ఎవరు పోతే లాభం? ఆ కోపంగా ఉన్నవాడే! వాడు పోతే మీకు నష్టం సున్నా. రూపకర్త కోపాన్ని ఒక హెచ్చరికగా పెట్టాడు, ఆటగాడు దాన్ని సరుకు సిద్ధంగా ఉందనే సూచనగా చదువుకున్నాడు. నియమాల్లో ఎక్కడా ఈ వాక్యం లేదు. లెక్కల్లో ఉంది. ప్రజలను ఎలా చూడాలో ఆటగాడికి నేర్పేది మీరు రాసిన కథ కాదు, మీరు పెట్టిన అంకెలు.

ఇంకో ఉదాహరణ. 2004 నాటి రోమ్: టోటల్ వార్. జనాభా పెరిగేకొద్దీ నగరంలో మురికి పెరుగుతుంది, దాంతో ప్రజాశాంతి తగ్గుతుంది. రాజధానికి దూరమైతే ఇంకా తగ్గుతుంది. పెద్ద నగరాలు ఎంత చేసినా శాంతించవు. ఆటగాళ్ళు కనిపెట్టిన మందు ఏమిటో తెలుసా? సైన్యాన్ని బయటికి తీసుకురావడం, నగరాన్ని తిరగబడనివ్వడం, మళ్ళీ జయించడం, జయించాక వచ్చే మూడు ఎంపికల్లో ఊచకోతను నొక్కడం. జనాభా తగ్గింది, మురికి తగ్గింది, దోపిడీ సొమ్ము వచ్చింది, శాంతి వచ్చింది. తన సొంత నగరాన్ని తానే నరికేసిన రాజుకు ఆట చప్పట్లు కొట్టింది.

నేను నీతులు చెప్పడానికి రాలేదు. ఆటలో క్రూరత్వం ఉండకూడదని అనడం లేదు. 1999లో వచ్చిన, వేరే గ్రహం మీద నడిచే ఆల్ఫా సెంటారీ ఆట చూడండి, బ్రయాన్ రెనాల్డ్స్ రూపకల్పన. అందులో అసంతృప్త పౌరులను డ్రోనులంటారు. వారి నరాలకు బిగింపు వేసి పది టర్నులు నోరెత్తకుండా చేసే మీట ఒకటి ఉంది. కానీ ఆ ఆటలో అది ఐక్యరాజ్యసమితి ఒడంబడిక కింద నేరం. నొక్కితే మిగతా వర్గాలు మీతో వాణిజ్యం ఆపేస్తాయి. ఇంకా గమ్మత్తు, గ్రహ మండలిలో, అంటే అన్ని వర్గాల సభలో, ఓటు పెట్టి ఆ ఒడంబడికనే రద్దు చేయించవచ్చు. అప్పుడు అడిగేవాడు లేడు. ఇక్కడ క్రూరత్వం లెక్కల సందులోంచి జారి రాలేదు, రూపకర్త బల్ల మీద పెట్టి "తీసుకుంటావా?" అని అడిగాడు. తేడా అదే.

ఇప్పుడు రెండో ఉద్యోగం, ప్రజల గొంతు. దీన్ని గట్టిగా పట్టుకున్నది విక్టోరియా 3 అని నా అభిప్రాయం. పారడాక్స్ సంస్థ 2022లో తెచ్చింది, 1836 నుంచి 1936 వరకు నడిచే ఆట. అక్కడ ప్రజలకు జీవన ప్రమాణం ఉంటుంది, దాని పక్కనే వారు ఆశించే జీవన ప్రమాణం ఇంకోటి ఉంటుంది. ఉన్నది ఆశించినదానికంటే తక్కువైతే వారిలోంచి రాడికల్స్, అంటే ప్రభుత్వం మీద కోపంతో రగిలేవారు, తయారవుతారు. జీవన ప్రమాణం పడిపోయినా తయారవుతారు. పెరిగితే ప్రభుత్వ విధేయులు తయారవుతారు. అంటే కోపానికి కారణం పేదరికం ఒక్కటే కాదు, పతనం కూడా. నిన్నటిదాకా బాగా బతికి ఈ రోజు రొట్టె ధర పెరిగిన కుటుంబం ఎక్కువ ప్రమాదం.

అక్షరాస్యత పెరిగితే ఆశ కూడా పెరుగుతుంది ఆ ఆటలో. బడులు కట్టారు, పనివారి నైపుణ్యం పెరిగింది, కర్మాగారాలు నిండాయి, సంతోషించారు. ఆ చదువుకున్నవారే ఇప్పుడు, ఇంతేనా మా బతుకు అని అడుగుతున్నారు. మీరు చేసిన మంచి పనే మీ మీద ఒత్తిడి తెచ్చింది. ఇది విస్తరణకు కళ్ళెం కాదు. ఇది పాలన. మూడోవాడిగా పుట్టినందుకు వచ్చే కోపానికీ దీనికీ ఎంత దూరమో చూడండి.

అంతరిక్ష సామ్రాజ్యాల ఆట స్టెల్లారిస్ ఇంకో ప్రశ్న వేసింది: ఎవరి సంతోషం? 2018 చివర్లో వచ్చిన పెద్ద మార్పు తర్వాత గ్రహానికి స్థిరత్వం అనే అంకె వచ్చింది, 50 మధ్య గీత. పైన ఉంటే లాభం, కింద ఉంటే నష్టం. ఆ స్థిరత్వాన్ని నడిపే ప్రజామోదంలో అందరి బరువూ ఒకటి కాదు. పాలక వర్గానికి రాజకీయ బలం ఎక్కువ, కార్మికులకు తక్కువ, బానిసలకు ఇంకా తక్కువ. పైవారు నలుగురు తృప్తిగా ఉంటే కిందివారు ఏడుస్తున్నా గ్రహం నిలబడుతుంది. సమానత్వ విధానాలు ఎంచుకుంటే ఆ బరువులు దగ్గరవుతాయి, అప్పుడు అందరినీ మెప్పించాలి. ఒక గుణకంతో ఎంత రాజకీయం చెప్పారో చూశారా!

ఆరో సివిలైజేషన్ గురించి క్లుప్తంగా. 2016. సంతోషాన్ని తిరిగి నగరానికి పంపి సౌకర్యాలు అని పేరు పెట్టారు, ఇద్దరు పౌరులకు ఒకటి చొప్పున కావాలి, ఒక విలాస వనరు నాలుగు నగరాలకు సర్దుకుంటుంది. పరవాలేదు, కానీ చాలామంది దాన్ని పట్టించుకోకుండానే ఆట ముగిస్తారు. అసలు తెలివి 2018 అనుబంధంలో వచ్చిన విధేయత. తొమ్మిది గడుల లోపు ఎవరి పౌరులు ఎక్కువుంటే నగరం వారి వైపు మొగ్గుతుంది, విధేయత సున్నా అయితే విడిపోతుంది. పరాయి నగరాల మధ్య నగరం పెట్టకు అని నిషేధం పెట్టనక్కరలేదు, పెట్టి నిలబెట్టుకో చూద్దాం అంటుంది. విస్తరణకు కళ్ళెం భూగోళంలోనే దొరికింది.

ఇక మీ పట్టికల సంగతి. ఇంటికెళ్ళి ఏం చేయాలి? ఎక్కువ చెప్పను.

ముందు, శిక్ష మెట్టులా ఉందా వాలులా ఉందా చూసుకోండి. 1991 ఆటలో అది నిట్టనిలువు మెట్టు. ఒక్క ముఖం మారితే నగరం మొత్తం ఆగిపోతుంది. అలాంటిది పెడితే ఆటగాడు ప్రతి టర్నూ అంచులో నిలబడి లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు. పూర్తిగా వాలు చేసి, ఒక్కో అసంతృప్తికి ఒక శాతం కోత అంటే ఎవరికీ నొప్పి తెలియదు, ఎవరూ చూడరు. నేనైతే చిన్న వాలు పెట్టి, దూరం నుంచే కనిపించేలా ఒకటి రెండు మెట్లు పెడతాను. మెట్టు వచ్చే ముందు మూడు నాలుగు టర్నుల గడువు ఉండాలి. గడువు లేని శిక్ష నిర్ణయాన్ని అడగదు.

రెండోది, ఆ అంకెను ఒకసారి పూర్తిగా తీసేసి ఆడించండి. నిజంగా తీసేయండి. అప్పుడు ఏం విరిగిందో చూడండి. నగరాలు విచ్చలవిడిగా పెరిగాయి, అంతేనా? అయితే మీ సంతోషం కళ్ళెం పని మాత్రమే చేస్తోంది. ఆ పనిని డబ్బుకో దూరానికో అప్పగించేసి చూడండి. అలా కాక ఆడేవారు "పన్ను పెంచాను, ఎవరూ ఏమీ అనలేదే" అని అడిగారనుకోండి, అప్పుడు ఆ అంకెకు గొంతు ఉన్నట్టు.

పరీక్షించేటప్పుడు మధ్యస్థంగా ఆడేవారిని నమ్ముకోకండి. నాలుగు నగరాలతో ముడుచుకుని కూర్చునే ఒకరిని, ఇరవై నగరాలు దాటేవారిని ఒకరిని, ఓడిపోతూ ఉన్న ఒకరిని పట్టుకోండి. ఓడిపోతూ ఉన్నవారే ముఖ్యం. యుద్ధంలో రెండు నగరాలు పోగొట్టుకున్నాక ప్రజలు కూడా మీద పడితే వారు ఆట ఆపేస్తారు. అది వాస్తవికమే కావచ్చు. ఆట ఆపేయడం కూడా వాస్తవమే.

ప్రశ్నలా? సమయం ఒకదానికే ఉందంటున్నారు. మీరు అడగండి... కంప్యూటర్ ప్రత్యర్థుల సంగతి ఏమిటి, వాటికి ఈ నియమాలు ఉండాలా అంటున్నారు. మంచి ప్రశ్న. చాలా ఆటల్లో కష్టం స్థాయి పెరిగేకొద్దీ కంప్యూటర్‌కు సంతోషంలో రాయితీ ఇస్తారు. ఐదో సివిలైజేషన్‌లోనూ ఇచ్చారు. కారణం అర్థమవుతుంది: ఇలాంటి ముందుచూపు లెక్కలు దానికి చేతకావు, రాయితీ లేకపోతే తన సామ్రాజ్యాన్ని తానే అల్లర్లలో ముంచేసుకుంటుంది. రాయితీ ఇవ్వండి, తప్పు లేదు. కానీ పూర్తి మినహాయింపు ఇవ్వకండి. పాత సివిలైజేషన్ ఆటల్లో దూతను పంపి శత్రు నగరంలో లంచంతో తిరుగుబాటు లేపవచ్చు, గుర్తుందా? ఆ నగరంలో అప్పటికే అల్లర్లు ఉంటే ఆ లంచం తగ్గుతుంది. అంటే ఆటగాడు శత్రు నగరం చుట్టూ దారులు కోసి, అల్లరి మొదలయ్యే దాకా కాచుకుని, అప్పుడు చవకగా నగరాన్ని కొనుక్కోవచ్చు. ఎంత అందమైన ఎత్తు! శత్రు నగరాల్లో అల్లర్లే రావని మీరు నిర్ణయిస్తే ఆ ఎత్తు మొత్తం పోతుంది, దూత బొమ్మ మాత్రం మిగులుతుంది. కాబట్టి కంప్యూటర్‌కు ఎంత రాయితీ ఇవ్వాలో తేల్చుకునేటప్పుడు దాని ఆట ఎలా సాగుతుందో ఒక్కటే చూడకండి, మీ ఆటగాడి చేతిలోంచి ఏ పరికరం జారిపోతోందో కూడా చూడండి.

సరే, తర్వాతి వక్త వచ్చేశారు. మిగతావి బయట వరండాలో మాట్లాడుకుందాం. ఐదో సివిలైజేషన్ అభిమానులు నన్ను అక్కడే పట్టుకోవచ్చు.